అభ్రకుడి భరిణెలు

అనగా అనగా, మన తాతల తాతలకు కూడా తాతలు పుట్టకముందు, పొన్నకోన అనే రాజ్యాన్ని నాగవర్ధనుడు అనే రాజు ఏలుతుండేవాడు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు గజకేతు, మంచి బలశాలి. నడిమివాడు సుధన్వుడు, మంచి తెలివిగలవాడు. చిన్నవాడు విశాఖుడు. వాడికి బలమూ అంతంతే, తెలివీ అంతంతే, పైగా పిరికివాడు. ఉరుము ఉరిమితే వాళ్ళమ్మ కొంగు పట్టుకునేవాడు. ఏట్లో దిగాలంటే ముందు కర్రతో లోతు చూసుకునేవాడు. గుర్రం ఎక్కాలంటే దాని చెవి దగ్గర నిలబడి, "నన్ను పడేయకమ్మా" అని చెప్పుకుని మరీ ఎక్కేవాడు.

నాగవర్ధనుడు చెడ్డవాడేం కాదు. అయితే ఒకసారి పక్కరాజ్యం వాళ్ళతో యుద్ధం వచ్చింది. మూడు రోజులు తిండీ తిప్పలూ లేకుండా పోరాడి, నాలుగో రోజు ఒక్క ఘడియ కునుకు తీశాడు. కన్ను తెరిచేసరికి సరిహద్దు కోట శత్రువుల చేతికి పోయింది. అప్పటి నుంచి ఆయనకు అదే దిగులు. "మనిషంటే ఇంతేనా? అలసిపోతాడు. మరిచిపోతాడు. భయపడతాడు. ఈ మూడూ లేకపోతే నా కొడుకులు ఎంత గొప్పవాళ్ళయ్యేవారో కదా" అని కూర్చున్నా నిలబడ్డా అదే అనుకునేవాడు.

ఆ మాట ఎలా చెవిన పడిందో ఏమో, ఒకరోజు సభకు ఒక మాంత్రికుడు వచ్చాడు. వాడి పేరు అభ్రకుడు. ఒళ్ళంతా అభ్రకం రేకులా పలచగా, నున్నగా, మెరుస్తూ ఉంది. వయసు ఎంతో చెప్పలేం. కళ్ళు ఆర్పడు. నడిస్తే చప్పుడు లేదు. నవ్వితే మాత్రం చెంప మీంచి ఒక చిన్న రేకు ఊడి కింద పడింది. గొంతు మటుకు చాలా మెత్తన. పిల్లాడికి పాలు తాగించే తల్లి గొంతులా ఉంది. ఆ గొంతు వినగానే విశాఖుడు తన ఆసనంలో వెనక్కి ముడుచుకున్నాడు.

"రాజా, నీ దిగులు నేను తీరుస్తాను. మూడు పున్నములు, మూడు మెరుగులు" అన్నాడు అభ్రకుడు. "మొదటి పున్నమికి నీ పెద్దకొడుకు అలసటా నిద్రా తీసేస్తాను. రెండో పున్నమికి నడిమివాడి మరుపు తీసేస్తాను. మూడో పున్నమికి చిన్నవాడి భయం తీసేస్తాను. నొప్పి ఉండదు. నెత్తురు రాదు."

"బదులుగా ఏమివ్వాలి?" అని అడిగాడు రాజు.

"ఏమీ వద్దు. తీసినవి నేను ఉంచుకుంటాను, అంతే. మీకు పనికిరానివే కదా."

సభలో అందరూ సంతోషించారు. విశాఖుడొక్కడే లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు వణుకుతున్నాయి. "అయ్యా, తీసినవి ఎక్కడ పెడతారు?" అని అడిగాడు.

అభ్రకుడు వాడి వైపు తిరిగి చూశాడు. "ఏడు సముద్రాల అవతల నా ద్వీపముంది బాబూ. అక్కడ ఒక్కోదాన్నీ ఒక్కో భరిణెలో భద్రంగా దాస్తాను. కావాలనుకున్నవాళ్ళు ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్ళవచ్చు. మూడు వందల ఏళ్ళుగా చేస్తున్నాను. ఇంతవరకు ఒక్కరూ రాలేదు" అన్నాడు.

మొదటి పున్నమి వచ్చింది. అభ్రకుడు గజకేతు నుదుటి మీద రెండు వేళ్ళు పెట్టి, దూదిలోంచి పోగు లాగినట్టు తెల్లటిదేదో లాగాడు. దాన్ని భరిణెలో పెట్టి మూత బిగించాడు. లాగిన చోట చిటికెడు అభ్రకం పొడి అద్దాడు. గజకేతు కళ్ళు విప్పార్చి, "ఎంత తేలికగా ఉందో" అన్నాడు.

రాజు పొంగిపోయాడు. పెద్దకొడుకు ఇప్పుడు పది కోసులు పరుగెత్తినా ఆయాసపడడు. రోజంతా కత్తి తిప్పినా చెయ్యి దించడు. అయితే ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక, అందరూ కునుకు తీసే వేళ, రాణి శాంభవి పెద్దకొడుకు గదిలోకి తొంగి చూసింది. గజకేతు గది మధ్యలో నిటారుగా నిలబడి గోడను చూస్తున్నాడు.

"కాసేపు నడుం వాల్చరాదా నాయనా" అంది రాణి.

"ఎందుకమ్మా?" అన్నాడు వాడు. నిజంగానే వాడికి ఎందుకో తెలియలేదు.

రాణి వెనక్కి వచ్చి విశాఖుడి పక్కన కూలబడింది. "మీ అన్న పెద్దవాడయ్యాక, నిద్రలో ఉన్నప్పుడే వాడిలో నా పసివాడు కనిపించేవాడురా. ఇక ఎప్పుడూ కనిపించడు" అంది.

వారం తిరక్కుండానే గజకేతు మూడు వందల మంది సైనికులను వెంటబెట్టుకుని కొండదారుల్లో కవాతుకు వెళ్ళాడు. పగలూ రాత్రీ నడిపించాడు. నాలుగో రోజు మునెయ్య అనే ముసలి సైనికుడు దారిలో కూలిపోయాడు. గజకేతు వాడి మీదికి వంగి, "లే, మునెయ్యా. ఎందుకు పడుకున్నావు?" అని అడిగాడు. కోపంగా కూడా అడగలేదు. మునెయ్య లేవలేదు. మళ్ళీ ఎప్పుడూ లేవలేదు. కవాతు ముగిసేసరికి నలభై మంది అలాగే పోయారు. కొండ మీంచి దిగివస్తున్న అన్న ముఖంలో చెమట చుక్క లేదు, దిగులూ లేదు. కోట గోడ మీంచి ఆ ముఖాన్ని చూసి విశాఖుడు వెనక్కి నక్కాడు. అన్న క్రూరుడైపోయుంటే వాడికి అంత భయం వేసేది కాదు.

రెండో పున్నమి వచ్చింది. అభ్రకుడు సుధన్వుడి నుదుట వేళ్ళు పెట్టి, బూడిదరంగు పోగొకటి లాగి భరిణెలో పెట్టాడు. ఆ రోజు నుంచి సుధన్వుడు దేన్నీ మరిచిపోలేదు. ఒక్కసారి విన్న పద్యం, ఒక్కసారి చూసిన ముఖం, ఒక్కసారి చదివిన శాసనం, ఏదీ పోదు. మంత్రులు ఆహా అన్నారు. మూడు రోజులు పోయాక వాళ్ళే సుధన్వుడు ఎదురొస్తే పక్క దారి పట్టడం మొదలుపెట్టారు.

ఒకనాడు రాణి వాడికి అన్నం వడ్డిస్తుంటే, సుధన్వుడు ఆమె చేతి వైపే చూస్తూ, "నాకు మూడేళ్ళప్పుడు, శ్రావణ శుక్రవారం నాడు, ఈ చేత్తోనే నన్ను కొట్టావు. ఎడమ చెంప మీద" అన్నాడు.

"దీపం మీద చెయ్యి పెట్టబోతే కొట్టాను నాయనా. వెంటనే ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నాను కదా."

"పెట్టుకున్నావు. అదీ గుర్తుంది. కానీ దెబ్బ మండుతూనే ఉంది. ఇప్పుడే కొట్టినట్టుంది. అన్ని దెబ్బలూ ఇప్పుడే తగిలినట్టున్నాయి" అన్నాడు సుధన్వుడు. గబగబా లేచి, చెవులు రెండు చేతులతో మూసుకుని వెళ్ళిపోయాడు.

అప్పటికైనా రాజు ఆగాడా అంటే, ఆగలేదు. "నా పెద్దకొడుకు అలసిపోడు, సైన్యమేమో అలసిపోతోంది. నడిమివాడు మరిచిపోడు, మంత్రులేమో మరిచిపోతున్నారు. తప్పు మెరుగులో లేదు, మెరుగు పెట్టించుకోని వాళ్ళలో ఉంది" అని, దండోరా వేయించాడు. మూడో పున్నమికి చిన్న రాకుమారుడికి మెరుగు పెడతారు. ఆ వెంటనే రాజ్యంలో ఏడేళ్ళు నిండిన ప్రతి పిల్లనీ పిల్లవాణ్ణీ కోట ముందుకు తీసుకురావాలి. తీసుకురాని వాళ్ళు ఊరు విడిచి పోవాలి.

విశాఖుడు తండ్రి దగ్గరికి వెళ్ళి, "నాన్నగారూ, నాకొద్దు" అన్నాడు.

"నువ్వు భయపడుతున్నావురా. ఆ భయమే కదా వాడు తీసేసేది. తీసేశాక నువ్వే వద్దనవు" అన్నాడు రాజు, వాడి తల నిమురుతూ.

"అవును నాన్నగారూ, తీసేశాక వద్దనను. అప్పుడు వద్దనడానికి నేను ఉండను. నాకు అదే భయం."

రాజుకు ఆ మాట అర్థం కాలేదు. రాణికి అర్థమైంది. తెల్లవారి చిన్నకొడుకును వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచి, అటుకులూ బెల్లమూ మూటగట్టి చేతిలో పెట్టింది.

"కావాలనుకున్నవాళ్ళు వచ్చి తీసుకెళ్ళవచ్చని ఆ మాంత్రికుడే అన్నాడు కదా. వెళ్ళి మీ అన్నలవి తీసుకురా."

"అమ్మా, నాకు చాలా భయంగా ఉంది."

"తెలుసు నాయనా. వాళ్ళకు పోయిందేమిటో వాళ్ళకు తెలియదు. మీ నాన్నకూ తెలియదు. తెలిసినవాడివి నువ్వొక్కడివే మిగిలావు. ఇంకెవర్ని పంపను?" అంటూ రాణి కళ్ళు తుడుచుకుంది.

విశాఖుడు కర్ర ఒకటి చేతబట్టుకుని బయల్దేరాడు. కొండ దాటాడు, కోన దాటాడు, కారడవి చేరాడు. అడవిలో ప్రతి చప్పుడుకీ ఆగి వినేవాడు. అలా ఆగి వింటుంటే, పొదలో ఎవరో సన్నగా మూలుగుతున్నట్టనిపించింది. భయపడుతూనే పొద కొమ్మలు తొలగించి చూస్తే, వేటగాడి ఉచ్చులో ఒక ముంగిస చిక్కుకుని ఉంది. విశాఖుడు ఉచ్చు విప్పాడు.

"ఇంకెవరైనా అయితే నా మూలుగు వినకుండా దాటిపోయేవారు" అంది ముంగిస. "ఎక్కడికి పోతున్నావు?"

విశాఖుడు జరిగిందంతా చెప్పాడు. "నీకు నేను తోడొస్తాను. పాముల సంగతి నాకు వదిలేయ్" అంది ముంగిస.

"నీకు పాములంటే భయం లేదా?"

"భలే అడిగావు. భయం లేని ముంగిస పాము ముందు ఒక్క పూట బతకదు. భయమేసిన క్షణంలోనే ఎగురుతాం మేము."

ఇద్దరూ పదో రోజుకు సముద్రపు ఒడ్డు చేరారు. విశాఖుడు ఇసుకలో దిగబడిపోతానేమోనని కర్రతో పొడుచుకుంటూ నడుస్తున్నాడు. ఒకచోట ఇసుక మరీ మెత్తగా తగిలింది. ఆగిపోయి చేత్తో నెమ్మదిగా తవ్వి చూస్తే, లోపల తెల్లటి గుడ్లు గుట్టగా ఉన్నాయి. మళ్ళీ ఇసుక కప్పి, పక్కగా నడిచాడు. అది చూసి, నీళ్ళలోంచి బండంత తాబేలు తల ఎత్తింది.

"అబ్బాయీ, నిన్న ఇటే పోయిన ఒక వీరుడు తలెత్తుకుని నడిచి నా గుడ్లు సగం తొక్కేశాడు. నువ్వు చూసి నడిచావు. ఎక్కడికి వెళ్ళాలో చెప్పు, నా వీపు మీద తీసుకుపోతాను" అంది.

తాబేలు వీపు మీద విశాఖుడు, విశాఖుడి భుజం మీద ముంగిస. ఒక సముద్రం దాటారు, నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. రెండో సముద్రం దాటారు, నీళ్ళు చేదుగా ఉన్నాయి. మూడోది దాటారు, నీళ్ళు నల్లగా ఉన్నాయి. నాలుగోది పొగలు కక్కుతోంది. అయిదోది మంచుగడ్డల మధ్య గుసగుసలాడుతోంది. ఆరో సముద్రంలో అలలు కొండలంత లేచి పడ్డాయి. విశాఖుడు కళ్ళు మూసుకుని తాబేలు డిప్పను కరుచుకుని పడుకున్నాడు. ఏడో సముద్రం చేరేసరికి ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోయింది. ఆ సముద్రానికి అలలు లేవు. గాజుపలకలా ఉంది.

విశాఖుడు కిందికి చూశాడు. నీళ్ళ అడుగున మనుషులు నిలబడి ఉన్నారు. వందల మంది, కత్తులు పట్టుకుని, తలలు పైకెత్తి, కళ్ళు తెరుచుకుని.

"ఎవరు వాళ్ళు?" అన్నాడు విశాఖుడు.

"అభ్రకుడు భయం తీసేసిన వీరులు. ఈ ద్వీపాన్ని గెలవాలని వచ్చారు. నీళ్ళు కదలకపోయేసరికి నేల అనుకుని పడవలు దిగారు. ఒకడు మునిగిపోతుంటే చూసి కూడా పక్కవాడు ఆగలేదు" అంది తాబేలు. "కిందికి చూడకు నాయనా. నన్ను గట్టిగా పట్టుకో."

ద్వీపం వచ్చింది. తాబేలు ఒడ్డున ఆగిపోయింది. విశాఖుడూ ముంగిసా దిగారు. చెట్టు లేదు, పుట్ట లేదు. నేలంతా అభ్రకం, నడుమ అభ్రకుడి కోట ఒకటే. ప్రతి రేకులోనూ విశాఖుడు తన బొమ్మను చూశాడు. అవి ఉన్నది ఉన్నట్టు చూపించే బొమ్మలు కావు. ఒకదానిలో వాడు అన్నకంటే ఎత్తుగా ఉన్నాడు. ఒకదానిలో ఛాతీ విశాలంగా, చేతులు ఉక్కులా ఉన్నాయి. మరొక దానిలో వాడి మోకాళ్ళు వణకడం లేదు. ఆ విశాఖుడు రేకులోంచి చిరునవ్వు నవ్వి, చెయ్యి చాచి, "వచ్చెయ్. ఒక్క అడుగు. ఇక ఎప్పుడూ గుండె దడదడలాడదు" అన్నాడు.

విశాఖుడికి ఏడుపొచ్చినంత పనైంది. పుట్టినప్పటి నుంచి వాడికి కావాలనిపించింది అదే. ఎంత బాగున్నాడో ఆ రేకులోవాడు. చెయ్యి దానంతటదే ముందుకు పోబోయింది. అప్పుడు వాడి కళ్ళు ఆ బొమ్మ కళ్ళ మీద పడ్డాయి. అవి ఆర్పడం లేదు. అన్న కళ్ళూ ఇలాగే ఉన్నాయి. విశాఖుడు చెయ్యి వెనక్కి లాక్కుని, తలవంచుకుని, కర్ర పొడుచుకుంటూ పరుగు లాంటి నడకతో కోటలోకి పోయాడు.

కోటలో పెద్ద చావడి. నేల నుంచి కప్పు దాకా అరలు. అరల నిండా భరిణెలు, వేలకు వేలు. ఒక్కో భరిణె లోంచీ ఒక్కో చప్పుడు. ఒకదానిలోంచి ఆవులింత. ఒకదానిలోంచి ఎవరిదో నత్తి మాట. ఒకదానిలో సిగ్గు ముసిముసిగా నవ్వుతోంది. ఒకదానిలో ఎవరిదో పసితనం తలుపు తట్టినట్టు మూతను తడుతోంది. మూడు వందల ఏళ్ళుగా అలాగే తడుతోంది.

అరల మధ్య ఒక అమ్మాయి గుడ్డతో భరిణెల మీద దుమ్ము తుడుస్తోంది. విశాఖుణ్ణి చూసి ఆశ్చర్యపోలేదు, భయపడలేదు.

"ఎవరు నువ్వు?" అని అడిగాడు విశాఖుడు.

"నా పేరు తరళ. ఒక రాజు కూతుర్ని. చిన్నప్పుడు నా కుందేలు చచ్చిపోతే వారం రోజులు అన్నం ముట్టలేదట. మా నాన్న నా ఏడుపు చూడలేక, అభ్రకుడితో నా దుఃఖం తీయించేశాడు. ఆ తర్వాత మా అమ్మకు జబ్బు చేస్తే నేను పక్కన కూర్చుని బొమ్మలాట ఆడుకున్నాను. నన్ను చూస్తే వాళ్ళకు భయమేసింది. అభ్రకుడు పనికి అడిగితే ఇచ్చేశారు. నాలుగేళ్ళ కిందట అమ్మా నాన్నా పోయారని కబురొచ్చింది. ఆ రోజు పై అరలు తుడిచాను" అంది తరళ. ఎవరి కథో చెబుతున్నట్టు చెప్పింది.

విశాఖుడు అరల వైపు చూశాడు. "నా అన్నల భరిణెలు ఎక్కడున్నాయి?"

"చూపిస్తాను. కానీ మూత తీసినా లాభం లేదు. అభ్రకుడు బతికున్నంత కాలం మళ్ళీ లాగేస్తాడు. వాడు చావడు. తన అలసట తీసేసుకున్నాడు, మరుపు తీసేసుకున్నాడు, భయం తీసేసుకున్నాడు. చివరికి తన చావును కూడా తీసి ఒక చిలకలో పెట్టాడు. ఆ చిలక మేడ మీద పంజరంలో ఉంది. మూడు పడగల పాము కాపలా."

"ఇదంతా నాకెందుకు చెబుతున్నావు?"

"నువ్వు అడిగావు. ఇంతవరకు ఎవరూ అడగలేదు."

విశాఖుడు ఆమె వైపు చూసి, "నీ భరిణె ఏది?" అన్నాడు. ఆమె కింది అరలో నీలిరంగు దాన్ని చూపించింది. వాడు మూత తీశాడు. లోపలి నుంచి నీలిపోగు లేచి తరళ నుదుట దూరింది. అద్దిన అభ్రకం పొడి రాలిపోయింది. తరళ గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత నేల మీద కూర్చుంది. "అమ్మ నన్ను పిలిచింది. పోయే ముందు మూడుసార్లు పిలిచిందట" అంది. కొండ విరిగిపడినట్టు ఏడ్చింది.

కాసేపటికి ముఖం తుడుచుకుని లేచింది. "నువ్వు మేడ మీదికి వెళ్ళు. నా భరిణె మూత తీయగానే వాడికి తెలిసిపోయి ఉంటుంది. వచ్చేస్తాడు. నేను ఇక్కడ ఒక్కొక్క మూతా తీస్తాను" అంది.

మేడ మీద పంజరం. పంజరానికి చుట్టుకుని మూడు పడగల పాము. అభ్రకుడు దానికి కూడా మెరుగు పెట్టాడు. నిద్ర లేదు, భయం లేదు. ముంగిస దూకింది. పాము కాటేసింది. ముంగిస వెనక్కి ఎగిరింది. మళ్ళీ దూకింది, మళ్ళీ ఎగిరింది. భయం తెలిసిన పాము అయితే ఆగి, చూసి, కాచుకునేది. ఈ పాము ఆగలేదు. నీడ కదిలితే నీడను కాటేసింది, గోడ తగిలితే గోడను కాటేసింది. చివరికి ఇనుప స్తంభాన్ని కాటేసి, కోరలు విరగ్గొట్టుకుంది. అప్పుడు ముంగిస దాని మెడ పట్టింది.

విశాఖుడు పంజరం దగ్గరికి పోయాడు. లోపల చిలక ఉంది. ఈకలన్నీ రాలిపోయి, ముక్కు అరిగిపోయి, ఒంటికాలి మీద నిలబడి ఉంది. వాడు చెయ్యి లోపల పెట్టి మెడ పట్టుకోబోయాడు.

"నా మెడ తిప్పకు నాయనా. వాడి చావంటే నేనే. నన్నెలా చంపుతావు?" అంది చిలక. "తలుపు తెరువు, చాలు. నా మనిషి దగ్గరికి నేను పోతాను. మూడు వందల ఏళ్ళయింది వాడు నన్ను బయటికి నెట్టి."

తలుపుకు తాళం లేదు, గడియే ఉంది. విశాఖుడి వేళ్ళు ఎంత వణుకుతున్నాయంటే, ఆ చిన్న గడియ పట్టు దొరకడం లేదు. అప్పుడు వెనక నుంచి ఆ మెత్తని గొంతు వినిపించింది.

"బాబూ, చూశావా ఎలా వణికిపోతున్నావో. ఇటు రా. రెండు వేళ్ళు పెడితే అయిపోతుంది."

అభ్రకుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక్కో అడుగూ వేస్తూ వస్తున్నాడు. చప్పుడు లేదు.

"ఎందుకిలా చేస్తావు?" అన్నాడు విశాఖుడు, గడియతో తంటాలు పడుతూనే. "నీకేం వస్తుంది?"

అభ్రకుడు ఇంకో అడుగు వేశాడు. "నేనూ ఒకప్పుడు నీలాంటివాణ్ణే. ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోయాను. ఇంకా బాగుంటుంది, ఇంకా బాగుంటుంది అనుకున్నాను. ఒకరోజు చూసుకుంటే నాలో తీయడానికి ఏమీ మిగల్లేదు. చేతులు మాత్రం ఊరుకోవు. అందుకని మిగతావాళ్ళవి తీస్తున్నాను" అన్నాడు.

ఆ రెండు వేళ్ళూ విశాఖుడి నుదుటికి తగిలాయి. మంచులా ఉన్నాయి. లోపల ఏదో పోగు కదిలింది. ఆ క్షణంలో విశాఖుడికి పుట్టిన భయం, ఉరుముకు పుట్టలేదు, సముద్రానికి పుట్టలేదు, అడుగున నిలబడిన వీరులను చూసినా పుట్టలేదు. వాడు కెవ్వున అరిచి ఒళ్ళంతా వెనక్కి విదిల్చుకున్నాడు. ఆ విదిలింపుకు గడియ ఊడి వచ్చింది. తలుపు తెరుచుకుంది.

చిలక ఎగిరి వచ్చి అభ్రకుడి భుజం మీద వాలింది. వాడు దాని వైపు చూసి, "పంజరంలోకి పో" అన్నాడు మామూలుగా. తప్పించుకోవాలని కూడా వాడికి తోచలేదు. తోచడానికి కావలసింది వాడిలో లేదు. చిలక వాడి గుండె మీదికి దిగి, తల ఆనించింది.

అదే సమయానికి కింద తరళ అన్నిటికంటే పాత భరిణె మూత తీసింది. అందులోంచి బూడిదరంగు సీతాకోకచిలుక లాంటిది లేచి, మెట్లెక్కి వచ్చి, అభ్రకుడి నుదుట దూరింది. మూడు వందల ఏళ్ళ తర్వాత వాడు కళ్ళు ఆర్పాడు.

"ఇదేమిటి? లోపలేదో కొట్టుకుంటోంది" అన్నాడు.

"భయం" అన్నాడు విశాఖుడు.

"ఎంతసేపుంటుంది?"

"తెలియదు. నాకెప్పుడూ ఉంటుంది."

అభ్రకుడు మోకాళ్ళ మీద కూలిపోయాడు. దిక్కులు చూస్తూ చెయ్యి చాచాడు. ఆ చేతిని చూస్తే విశాఖుడికి అసహ్యం వేసింది, భయమూ వేసింది. అయినా వాడి చూపు ఎలాంటిదో విశాఖుడికి బాగా తెలుసు. పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాడు. అభ్రకం రేకులు పొరలు పొరలుగా రాలిపోయాయి. అడుగున ముడతలు పడ్డ ఒక ముసలివాడి చెయ్యి ఉంది, వెచ్చగా. కాసేపటికి అది చల్లబడింది. చిలక కూడా తల వాల్చేసింది.

విశాఖుడు కిందికి దిగేసరికి వాడి అన్నల భరిణెలు రెండూ కూడా తరళ తెరిచేసింది. కిటికీల్లోంచి రంగురంగుల పోగులు గుంపులు గుంపులుగా సముద్రం మీదుగా ఎగిరిపోతున్నాయి.

ఆ రోజే పున్నమి. పొన్నకోన కోట ముందు ఏడేళ్ళు నిండిన పిల్లలందరూ వరసలో నిలబడి ఉన్నారు. తల్లులు గోడ అవతల నోరు నొక్కుకుని ఏడుస్తున్నారు. గజకేతు వరసలు సరిచేస్తున్నాడు. ఉన్నట్టుండి వాడు నోరంతా తెరిచి ఆవులించాడు. పక్కనున్న పిల్ల ఫక్కున నవ్వింది. గజకేతు అక్కడికక్కడే, ఆ పిల్లల కాళ్ళ దగ్గరే, దుమ్ములో పడుకుని నిద్రపోయాడు. సభలో సుధన్వుడు ఒక ముసలి మంత్రి పదకొండేళ్ళ కిందట చేసిన తప్పు చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. "ఏం చెబుతున్నాను నేను?" అన్నాడు. ఎవరూ గుర్తు చేయలేదు. లేచి వెళ్ళి తల్లి ఒడిలో తల పెట్టుకున్నాడు.

గజకేతు మూడు రోజులకు లేచాడు. లేచి, "మునెయ్య ఏడి?" అని అడిగాడు. రాజు ముఖం తిప్పుకున్నాడు. అప్పుడు గజకేతుకు అంతా అర్థమైంది. పోయిన నలభై మంది మాత్రం తిరిగి రాలేదు. తండ్రీ కొడుకులిద్దరూ చెప్పులు లేకుండా ఆ నలభై గడపలకూ వెళ్ళారు. కొందరు లోపలికి రమ్మన్నారు, కొందరు తలుపు తీయలేదు. తలుపు తీయని చోట సాయంత్రం దాకా నిలబడి వచ్చారు.

విశాఖుడు తరళతో కలిసి, ముంగిసను భుజాన వేసుకుని, తాబేలు వీపెక్కి ఇంటికి చేరాడు. దారి పొడుగునా తరళ తన అమ్మానాన్నల గురించి చెబుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది. విశాఖుడు వింటూనే ఉన్నాడు. ఏడో రోజుకు ఆమె ఒకసారి నవ్వింది కూడా.

రాజు కొడుకును కౌగిలించుకుని, "నీ భయం పనికిరానిదనుకున్నానురా. అదే మమ్మల్ని కాపాడింది" అన్నాడు. "నేనిక ఏలలేను. గజకేతూ, కిరీటం నీది" అంటే, పెద్దవాడు తల అడ్డంగా ఊపి, "నలభై మందిని నడిపి చంపినవాణ్ణి, నాకొద్దు. తమ్ముడికివ్వండి" అన్నాడు. సుధన్వుడూ అదే మాట అన్నాడు.

మంచి రోజు చూసి విశాఖుడికీ తరళకూ పెళ్ళి చేశారు. మేళాలు మోగాయి, పందిరంతా జనం. విశాఖుడి చేతులు వణికి తాళి ముడి వేయడం రాలేదు. తరళే తల వంచి, "మెల్లగా వెయ్యండి, తొందరేం లేదు" అంది. అంత సందడిలోనూ గజకేతు స్తంభానికి ఆనుకుని గురకపెట్టి నిద్రపోతుంటే, రాణి శాంభవి పక్కన కూర్చుని విసురుతూ, ఎవర్నీ లేపనివ్వలేదు.

ఆ తర్వాత విశాఖుడు యాభై రెండేళ్ళు రాజ్యమేలాడు. యుద్ధం అన్న మాట వినిపించినప్పుడల్లా వాడికి ముందు భయమేసేది. అందుకని ముందు మాట్లాడి చూసేవాడు, ఇంకోసారి మాట్లాడి చూసేవాడు. గుడ్డివాళ్ళకు చూపు తెప్పించే వైద్యుల్ని, విరిగిన కాళ్ళు కట్టే వైద్యుల్ని ఎక్కడెక్కడి నుంచో పిలిపించి ఇళ్ళు కట్టించి ఇచ్చాడు. పొన్నకోనలో పిల్లలు పిల్లల్లాగే పెరిగారు. కొందరు నత్తిగా మాట్లాడారు, కొందరు లెక్కలు మరిచిపోయారు, కొందరు చీకటికి భయపడ్డారు. విశాఖుడికి జుట్టు నెరిసింది, పళ్ళు ఊడాయి, మనవల పేర్లు తారుమారుగా పిలిచేవాడు. తరళ సరిచేసేది.

కథ ఇంతటితో అయింది. వాళ్ళంతా అక్కడ చల్లగా ఉన్నారు. మీరూ ఇక్కడ చల్లగా పడుకోండి.